ఉప్పుగూడ దాటిన బంతి

డానియేలుది నిలబడి విసిరే ఆట. అమెరికన్ ఫుట్‌బాల్లో బంతి విసిరే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. మీదికి ఎంతమంది వస్తున్నా కదలకుండా నిలబడి, చూసి చూసి విసిరేవాళ్లు ఒక రకం. తప్పించుకుంటూ, పరుగెత్తుతూనే విసిరేవాళ్లు ఇంకో రకం. ఫోన్లో ఆ ఆటలు చూసి డానియేలు మొదటి రకానికి దాసుడైపోయాడు. వాళ్లలో నలభై దాటాక కూడా ఆడినవాళ్లున్నారని అతనికి గొప్ప ధీమా. తనకింకా ముప్పై ఆరే. రైల్వేలో పట్టాల పని చేసి వచ్చాక కుడిభుజం పీకుతుందన్న సంగతి మాత్రం భార్య కమలకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

ఫలక్‌నుమా మైదానంలో వీళ్లు ఆడేది మీదపడి కుమ్ముకునే ఆట కాదు. నడుముకు రిబ్బన్లు కట్టుకుంటారు. బంతి పట్టుకున్నవాళ్ల రిబ్బన్ లాగేస్తే అక్కడికి ఆగిపోవాలి. ఆడామగా కలిసే ఆడతారు. బంతి ఎంత దూరం పోతుందో ఎదుటివాళ్లకు అంతుపట్టకుండా డానియేలే ఓ పద్ధతి పెట్టాడు: విసిరే ముందు లోకల్ రైలు స్టేషన్ పేరు అరవాలి. ఫలక్‌నుమాలో రైలెక్కితే వరసగా వచ్చేవే: ఉప్పుగూడ దగ్గర, యాకుత్‌పురా మధ్య, దబీర్‌పురా దూరం. కొత్తగా చేరిన వీణకు మాత్రం, "మొదటి స్టేషన్ దగ్గర, రెండోది నడుమ, మూడోది దూరం" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు.

వీణది రెండో రకం ఆట. కాలు ఒకచోట నిలవదు. ఆదివారం చాంద్రాయణగుట్ట జట్టుతో పోటీ. ఎవరు విసరాలో కెప్టెన్ బబ్లూ శనివారం సాయంత్రమే తేల్చాలి. ఇన్నేళ్ల చోటు పోతుందేమోనని డానియేలు లోలోపల గింజుకుంటున్నాడు. పైకి మాత్రం "ఆడనియ్యుండ్రి పోరిని" అంటున్నాడు.

శనివారం వీణ ఉప్పుగూడ అని అరిచి విసిరింది. బబ్లూ దగ్గరే ఆగాడు. బంతి అతని నెత్తి మీదుగా పోయి అవతల పడింది. మళ్లీ ఉప్పుగూడ, మళ్లీ అవతలే. యాకుత్‌పురా అంటే బబ్లూ ఇంకాస్త ఉరికాడు. బంతి అతనికి వెనకే పడిపోయింది.

"చెయ్యి మంచిగనే ఉంది గానీ అందాజ లేదు," అన్నాడు బబ్లూ చెమట తుడుచుకుంటూ. "రేపు నువ్వే విసురు అన్నా."

డానియేలుకు ప్రాణం లేచొచ్చింది. కాసేపే. చేతకానివాళ్ల బంతులు తలోదిక్కూ పోతాయి. ఈ పిల్లవి ఉప్పుగూడ అన్నప్పుడల్లా ఒక్కచోటే పడ్డాయి. వీణ ఓ పక్కన కూర్చుని బూట్ల లేసులు విప్పుతోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"రైలు యాడ ఎక్కుతవమ్మా?" అడిగాడు డానియేలు.

"దబీర్‌పురాల అన్నా. మా ఇల్లు గాడనే."

అప్పుడు బోధపడింది డానియేలుకు. దబీర్‌పురాలో ఎక్కినవాళ్లకు మొదట వచ్చేది యాకుత్‌పురా. ఉప్పుగూడ రెండోది. పిల్ల తన ఇంటి నుంచి లెక్కపెట్టి విసురుతోంది, జట్టంతా ఫలక్‌నుమా నుంచి లెక్కపెట్టి ఉరుకుతోంది.

నోరు మూసుకుంటే రేపటి ఆట తనది. ఎవరూ అడగరు. మూసుకోవాలని గట్టిగానే అనిపించింది, దాచడమెందుకు. కానీ ఒక్కచోటే పడ్డ ఆ బంతులు కళ్లముందు నుంచి పోవడం లేదు. అంత శుభ్రంగా విసిరే మనిషిని చూస్తే అసూయ కంటే ముచ్చటే ఎక్కువైంది.

"బబ్లూ, తప్పు పోరిది కాదు. నేను సక్కగ చెప్పలే," అని సంగతంతా విప్పాడు. "ఆమె రైలు అటుకెల్లి ఇటొస్తది. ఎవరు విసిరితే వాళ్ల ఇంటి నుంచే లెక్క. రేపు ఆమె విసురుతది."

"మరి నువ్వు?"

"ఉరుకుత. కాళ్లకేం రోగం?"

ఆదివారం వీణ ఫలక్‌నుమా అని అరిచి బంతి అందుకుంది. ఆమె లెక్కలో అది అన్నిటికంటే దూరం. ఇద్దరు మీదికి వస్తే చిక్కకుండా పక్కకు పరుగెత్తింది. డానియేలు రొప్పుకుంటూ ఉరికి, వెనక్కి తిరిగి చూశాడు. బంతి అప్పటికే గాల్లో ఉంది. అతను చాచిన చేతుల్లోకే వచ్చి ఒదిగింది. ఎవరో రిబ్బన్ లాగేలోపే పాయింటు వచ్చే చివరి గీత దాటేశాడు.

ఇన్నేళ్లూ అతనికి విసరడమే తెలుసు. తను చేరబోయే చోటు ఇంకొకరు ముందే చూసి, అక్కడికి పంపిన బంతిని అందుకోవడంలో ఇంత సుఖం ఉంటుందని తెలియదు.

అందరూ గుమిగూడాక వీణ ఆయాసపడుతూ అడిగింది. "మళ్ల ఎవరికియ్యాలె అన్నా?"

జట్టంతా పాత క్వార్టర్‌బ్యాక్ వైపు చూసింది.

"నాకే," అన్నాడు డానియేలు.