తగ్గిందని చెప్పు

బల్ల గ్లాసులు కడగడం అందరికీ వచ్చే పని కాదు. బొటనవేలంత గ్లాసులవి. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం వాటిలో ద్రాక్షరసం పోసి సంఘంలో అందరికీ అందిస్తారు. అడుగున ఎండిన రసం పోవాలంటే చిటికెన వేలికి తడిగుడ్డ చుట్టి లోపల తిప్పాలి. నా వేళ్లు సన్నమని, పెళ్లయిన కొత్తలోనే మా అత్తగారు ఈ పని నాకు అప్పజెప్పారు. "ప్రభువు సేవ. రాసిపెట్టి ఉండాలి" అన్నారు. మగవాళ్లకి ఎందుకు రాసిపెట్టి లేదో నేనడగలేదు. ఆ ఆదివారం ఉదయం కూడా మందిరం వెనక గదిలో ఆ పనే చేస్తున్నాను. పై అరలో ఉన్న పళ్లెం అందుకోబోతే ఎడమ చంక కింద కలుక్కుమంది. చెయ్యి దించేశాను.

గడ్డ. ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా నోరు ఎండిపోతుంది. ఓ రోజు స్నానం చేస్తుంటే రొమ్ము పక్కన చిక్కుడు గింజంత తగిలింది. అప్పట్నుంచీ రోజూ తడిమి చూసుకుంటున్నాను, పోయిందేమోనని. పోలేదు, పెరిగింది. మా అమ్మ ఇలాంటిదానితోనే పోయింది. మా ఆయన సంఘ పెద్ద. ఆయనకి చెబితే నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ తర్వాత, "ఇక దీని మాట ఎత్తకు. ఆసుపత్రికి వెళ్లామంటే నమ్మకం లేనట్టే. అయినా ఈ లోకం మనకి సత్రం. మన ఇల్లు పైనుంది" అన్నారు. లేచి వెళ్తూ, "తెల్లచొక్కా ఇస్త్రీ చేశావా?" అని అడిగారు. సత్రంలో దిగిన మనిషికి చొక్కా మడత అంత సరిగ్గా ఎందుకో నాకర్థం కాలేదు. నేను పనికెళ్లే చోట, కుట్టు మిషన్ల దగ్గర నా పక్కన కూర్చునే ఆవిడకి చెబితే దారం పంటితో తెంపుతూ, "ప్రార్థనా చెయ్యి, డాక్టరు దగ్గరికీ వెళ్లు. దేవుడేం అలగడులే" అంది. నవ్వాను. నవ్వుతూనే వేలిలో సూది దింపుకున్నాను.

నిత్యజీవం మీద నాకు నమ్మకం లేక కాదు. నమ్మకం ఉంది కాబట్టే ఇంత బెదురు. గిన్నెలు తోముతున్నా, కాజాలు కుడుతున్నా, పై నుంచి దేవుడు చూస్తున్నాడనే బతికాను. పరలోకంలో జరిగే విందు గురించి ప్రసంగం విన్నప్పుడల్లా, ఆ గిన్నెలెవరు తోముతారో అనుకునేదాన్ని. పైకి అంటే ఇంకేమన్నా ఉందా! ఇప్పుడు నాకు చావంటే భయం. చావుకి భయపడుతున్నందుకు ఇంకా భయం. మోకాళ్ల మీద కూర్చుంటే ఒక్క మాటా రాదు, చెయ్యి మాత్రం దానంతటదే చంక కిందికి పోతుంది.

గ్లాసులు తుడుస్తుండగా మా ఆయన లోపలికి వచ్చారు.

"ఇవాళ నువ్వు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. పోయిన వారమే అందరికీ చెప్పేశాను, నీకు స్వస్థత అయిందని."

"తగ్గలేదండీ."

"తగ్గిందని చెప్పు. ముందు నోటితో ఒప్పుకోవాలి, తర్వాత ఒంట్లో జరుగుతుంది. ఎన్నిసార్లు వినలేదు నువ్వు?"

"ఇంకా పెద్దదయిందండీ. నాకు భయంగా ఉంది."

"నలుగురిలో నా పరువు తియ్యకు. ప్రభువు పరువు కూడా."

మూలన కుర్చీలో ఉన్న అత్తగారు, "రెండు మాటలేగా, చెప్పెయ్ అమ్మాయ్. నేనూ చెప్పాను" అన్నారు, కుడి డొక్క అదిమిపట్టుకుని. అది ఆవిడ అలవాటు. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడు ఆవిడకి కడుపునొప్పి మాయమైందట. ఆ సాక్ష్యం సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పాటలయ్యాయి. మా ఆయన నా వైపు చూసి సాక్ష్యానికి పిలిచారు. లేచి నిలబడ్డాను. ముందు బెంచీ పట్టుకున్నాను. తీర్పు రోజు కూడా ఇలాగే పిలుస్తారు కదా అనిపించింది. అక్కడ పక్కన మొగుడుండడు. అక్కడ ఎవరికీ ఎవరూ భార్య కారు. నీకిచ్చిన ఒంటిని ఏం చేశావని ప్రభువు అడిగితే, మా ఆయన్ని అడగండి అని తప్పుకోవడం కుదరదు. అబద్ధం ఎందుకాడావంటే, ఇంట్లో ఆడమన్నారు అనడం అంతకన్నా కుదరదు. ఈ మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను, వణుకుతూనే ఉన్నాను. ఆవేళ మాత్రం ఆ వణుకుతోనే నోరు తెరిచాను.

"నాకు తగ్గలేదు" అన్నాను.

"స్తోత్రం!" అన్నారందరూ.

అలవాటు కొద్దీ అనేశారు. సాక్ష్యం అంటే తగ్గిందనే కదా. నా మాట అక్కడ ఎవరి చెవికీ ఎక్కలేదు. మళ్లీ అన్నాను, ఈసారి గట్టిగా. "నాకు గడ్డ తగ్గలేదు. పెరిగింది. భయంగా ఉంది. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాను. భయపడేవాళ్లని ప్రభువు గెంటేస్తాడని నేననుకోను. నాకోసం ప్రార్థన చెయ్యండి."

ఒక్క స్తోత్రమూ లేదు. మా ఆయన పాటల పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు. కూర్చున్నాను. ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో, రేపు డాక్టరు ఏం చెబుతాడో, ఏదీ తెలియదు. ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లాలి, అది మాత్రం తెలుసు.

పక్కనున్న అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. గిల్లుతారనుకున్నాను. ఆ చేతిని మెల్లగా తన కుడి డొక్క మీద పెట్టుకున్నారు. చీర కింద నా అరచేతికి ఏదో గట్టిగా తగిలింది.

"నన్నూ తీసుకెళ్లవే" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. "నాకూ ఎప్పుడూ తగ్గలేదు."