చివరి పావుగంట

ఆదివారం ఇంట్లో అందరికీ సెలవు. ఆ సెలవును వండిపెట్టేది జహేదా. తెల్లవారకముందే లేచి మసాలా నూరి, కోడికూర పొయ్యి ఎక్కించి, ఖట్టీ దాల్‌కు చింతపండు పిసికి, బగారన్నానికి బియ్యం నానబోసి, తొమ్మిదయ్యేసరికి అన్నిటి మీదా మూతలు పెట్టేది. చేతులకంటిన అల్లం వెల్లుల్లి వాసన పోయేలా నిమ్మచెక్కతో రుద్దుకుని బుర్ఖా తొడుక్కునేది. అప్పుడుగానీ ఆమె డిగ్రీ విద్యార్థిని అయ్యేది కాదు.

"అన్నం ఎవరు వండుతరు మరి?" భర్త సత్తార్ ప్రతి ఆదివారం గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"నేను వండుతలే మామా, మీరు స్కూటర్ తియ్యున్రి" అనేది కోడలు ఆతియా.

యాభై ఎనిమిదేళ్ల అత్త చేత ఓపెన్ డిగ్రీ ఫారం నింపించింది ఆ కోడలే. జహేదా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. పుస్తకాల చదువు మాత్రం ఆగలేదు. శామీర్‌పేటలో కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణం మూతపడేదాకా దాన్ని వదలలేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం మేడ్చల్‌లో పది నుంచి ఒంటిగంట దాకా క్లాసు. దింపేదీ తెచ్చేదీ సత్తార్. అతను ఒప్పుకుంటూ ఒక్కటే షరతు పెట్టాడు. "నేను పావు తక్కువ ఒకటికి వచ్చి హారన్ కొడ్త. జల్దీ దిగాలె. అందరు ఒక్కసారి బయటకొస్తే రోడ్డు మీద మస్తు రష్ అయితది. ఒక్కరోజు నువ్వు దిగలేదనుకో, గా రోజుతోటి కాలేజీ బంద్."

రష్ కాకముందే. సత్తార్ బతుకంతా ఆ రెండు మాటల్లో ఉంది. జీడిమెట్లలో బోల్టుల కంపెనీలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. సైరన్ మోగకముందే గేటు దగ్గర ఉన్నవాడికే బస్సులో సీటు దొరుకుతుందని అక్కడ నేర్చుకున్నాడు. దాన్ని ఇంటికీ తెచ్చాడు. పెళ్లిళ్లలో రెండో పంక్తి లేవకముందే జహేదాను లేపేవాడు. సినిమాకు తీసుకెళితే ఇంకా పది నిమిషాలుందనగా, "లే, స్టాండ్‌ల స్కూటర్ ఇరుక్కపోతది" అంటూ చెయ్యి పట్టుకునేవాడు. కట్టేసిన తల్లి ముందు హీరో గుర్రం దిగుతుండగానో, హీరోయిన్ రైలుకు అడ్డంగా పరుగెత్తుతుండగానో జహేదా చీకట్లో మెట్లు తడుముకుంటూ బయటపడేది. నలభై ఏళ్లలో ఆమె చివరిదాకా చూసిన సినిమా ఒక్కటీ లేదు. ఆమెకు తెలిసినంతలో విలన్లందరూ ఇంకా బతికే ఉన్నారు.

నవ్వుకోవడానికి ఇది బాగానే ఉండేది. ఖైసర్ సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం నవ్వు వచ్చేది కాదు. చెల్లెలు ఖైసర్‌ను నాందేడ్‌కు ఇచ్చారు. పెళ్లయిన వారానికి మేడ్చల్ స్టేషన్‌లో రైలెక్కించడానికి వెళ్లారు. రైలు ఇంకా కదలలేదు. "రైలు కదిలితే గేటు పడ్తది. గేటు పడితే అరగంట ఆగాలె. నడువ్" అన్నాడు సత్తార్. జహేదా నడిచింది. ఏడాది తిరగకుండానే కాన్పులో ఖైసర్ పోయింది. "నీ చెల్లె కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి మస్తు సేపు ఊపింది, నువ్వు కనబడలేదని ఏడ్చింది" అని ఖైసర్ మొగుడు తర్వాత ఎప్పుడో చెప్పాడు. అప్పటి నుంచీ జహేదాకు ముగింపులంటే గుండెదడ. నవలైనా సరే, చివరి పది పేజీలు మిగలగానే పుస్తకం మూసేసేది. ఇన్నేళ్లూ సత్తారే తనను లేపుకుపోతున్నాడని అనుకుంది కానీ, కొన్నిసార్లు లేవడానికి తాను కూడా సిద్ధంగానే ఉండేదేమోనని ఈ మధ్యే అనుమానం వచ్చింది.

అటువంటి మనిషి చేతికి యూనివర్సిటీ వాళ్లు ఇంగ్లీషు పుస్తకంలో ఏం ఇచ్చారయ్యా అంటే, వందేళ్ల నాటి అమెరికా నవలలో చివరి అధ్యాయం. అదొక్కటే. నవల పెద్దది కాబట్టి మొదలూ మధ్యా తీసేసి ముగింపు మాత్రం పాఠంగా పెట్టారు.

"ఇదేంది మేడం, మొకం లేకుండ తోక ఇచ్చిన్రు?" అంది మొదటిరోజు జహేదా పక్కన కూర్చునే అశ్రిత. ఆ పిల్ల సూరారంలో ఉంటుంది, మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది.

శోభారాణి మేడం నవ్వి, ముందు కథ నాలుగు మాటల్లో చెప్పింది. వానల్లేక భూమి అమ్ముకున్న ఒక సేద్యగాడు, అతని భార్య, తమ్ముళ్లు. గుర్రపు బండిలో సామానంతా వేసుకుని పడమటి దిక్కుకు బతకబోతుంటారు. దారంతా బండి ఆగినచోటల్లా ఆమె దిగి వంట చేస్తుంది. మగవాళ్లు తింటారు. బండి కదులుతుంది. ఆమె గిన్నెలు కడుక్కుని వెనక పరుగెత్తుకొచ్చి ఎక్కుతుంది.

"ఎన్ని రోజులు గిట్ల?" అడిగింది జహేదా.

"ఆరు నెలలమ్మా."

"ఓస్, ఆరు నెలలేనా!" అంది జహేదా. క్లాసంతా గొల్లుమంది.

నాలుగు ఆదివారాలు ఆ బండి వెంట నడిచారు. ప్రతిసారీ పన్నెండూ నలభై అయిదుకు కింద హారన్ మోగేది, జహేదా పుస్తకం సంచిలో వేసుకుని వంగి నడుస్తూ వెళ్లిపోయేది. మిగిలిన పావుగంటలో ఏం చెప్పారో వారం తర్వాత అశ్రితను అడిగి తెలుసుకునేది.

ఈ ఆదివారం చివరి పేజీ.

"ఏమైతదో నాకు తెల్సు ఆంటీ" అంది అశ్రిత, ఫోనులో గైడు చూపిస్తూ. "గిన్నెలు కడగనీకి ఏటికాడికి పోతది. బండోళ్లు పిలుస్తరు. రాదు. ఏట్ల మునిగి సచ్చిపోతది. విషాదాంతం. పదిహేను మార్కులు."

జహేదా ఫోను మీంచి చూపు తిప్పుకుంది. ఈ నెలరోజుల్లో ఆ ఇల్లాలు ఆమెకు బాగా దగ్గరైంది. పొద్దున ఉల్లిపాయలు కోస్తూ ఆమెతో మాట్లాడేది కూడా. ఆమె చావును తన చెవులతో వినాలా? అక్కర్లేదు. ఎలాగూ హారన్ మోగుతుంది, లేచిపోవచ్చు, ఏటిలో నీళ్లు అలాగే పారుతుంటాయి, ఆమె గిన్నెలు కడుగుతూనే ఉంటుంది. జీవితంలో మొదటిసారి సత్తార్ తొందరగా వస్తే బాగుండునని అనుకుంది.

మేడం ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం, మళ్లీ చదవడం. బండి ఏటి పక్కన ఆగింది. తిండ్లయ్యాయి. ఆమె గిన్నెలు ఎత్తుకుని నీళ్ల దగ్గరికి దిగింది.

కింద హారన్ మోగింది.

జహేదా చెయ్యి సంచి మీదికి దానంతటదే వెళ్లింది. అశ్రిత కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది. నలభై ఏళ్లుగా ఈ చప్పుడుకు లేవడమే తెలిసిన మోకాళ్లు కూడా కదిలాయి. కానీ ఎందుకో ఆ క్షణంలో ఆమెకు రైలు కిటికీ కనిపించింది, అందులోంచి బయటకు చాచిన గాజుల చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి ఊగినంతసేపూ తాను స్కూటర్ వెనక కూర్చుని గేటు దాటుతూ ఉంది. ఈమెను కూడా ఏటిలో వదిలేసి గేటు దాటిపోతే ఎట్లా? చచ్చిపోయేదే అయితే, పోయేటప్పుడు ఒక్క మనిషైనా పక్కన ఉండాలి కదా.

హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా. కాలేజీ బంద్ అయితే అయింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు బస్సులు నడుస్తాయి, అవి ఆడవాళ్లను కూడా ఎక్కించుకుంటాయి. జహేదా సంచిని కిందపెట్టి అశ్రిత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేడం చదువుతూనే ఉంది. బండి మీదినుంచి మొగుడు పిలిచాడు. ఆమె చివరి గిన్నె కడిగి బోర్లించింది. మళ్లీ పిలిచాడు. ఆమె బూట్లు విప్పి, పాదాలు నీళ్లలో పెట్టి, రాతి మీద కూర్చుంది. నీళ్లు చల్లగా ఉన్నాయి. చేపపిల్లలు వచ్చి వేళ్లను తాకుతుంటే ఆమెకు చక్కిలిగింత పుట్టింది.

మేడం పుస్తకం మూసింది.

"తర్వాత?" అంది జహేదా.

"అంతేనమ్మా. అయిపోయింది."

"సచ్చిపోలేదా?"

"ఎక్కడ చచ్చిపోయింది? కూర్చుంది కదా."

అశ్రిత తెల్లబోయి ఫోను ముందుకు చాచింది. "మేడం, గైడుల మునిగిపోయిందని ఉన్నది కదా!"

శోభారాణి మేడం గైడు చదివింది, కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివింది. "పుస్తకంలో లేని చావు ఈ గైడు రాసినవాళ్లకు ఎక్కడ దొరికిందమ్మా?"

ముందు జహేదా కళ్లలో నీళ్లొచ్చాయి, వాటి వెనకే నవ్వొచ్చింది. బెంచీ అదిరేంత నవ్వు. "ఇందుల ఏమున్నది మేడం! గైడు రాసినాయన మగాయన. మొగడు రెండుసార్లు పిలిచినంక గూడ ఆడది లేవలేదంటే, సచ్చిపోయి ఉంటదనుకున్నడు!"

క్లాసు పకపకలాడింది. మేడం బల్ల పట్టుకుని నవ్వింది. ఆ గోలలో కింద హారన్ ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. మెట్ల మీద చెప్పులు టపటపలాడాయి. రొప్పుతూ, చేతిలో నీళ్ల సీసాతో, టోపీ ఒక పక్కకు ఒరిగిపోయి సత్తార్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మొహం పాలిపోయి ఉంది.

"జహేదా! ఏమైందే? కండ్లు తిరిగినయా? బీపీ పడిపోయిందా?"

అశ్రిత చున్నీ నోట్లో కుక్కుకుంది.

"ఏం కాలేదు. మంచిగున్న" అంది జహేదా. "క్లాసు ఇంకా అయిపోలేదు."

"పరేషాన్ జేసినవ్ గదనే!" సత్తార్ గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "అన్నిసార్లు కొట్టిన, హారన్ వినబడలేదా?"

"వినబడ్డది" అంది జహేదా, లేవకుండానే.