ఏడో గది నేల

మంచం కింది మూలకు గుడ్డ అందక పుష్పవతి ఇంకొంచెం ముందుకు జరిగింది. గొంతుక్కూర్చుని, ఎడమ అరచెయ్యి నేలకు ఆనించి, కుడిచేత్తో తుడుస్తూ మెల్లగా వెనక్కి వస్తోంది. బ్లీచింగు నీళ్ల ఘాటుకు కళ్లు మండుతున్నాయి. కరోనా మొదలయ్యాక పరాయి దేశంలో, టాలట్ ఊళ్లోని ఆ వృద్ధాశ్రమంలో ప్రతి గదినీ రోజుకు మూడుసార్లు తుడవాలి. పొడుగు కర్ర మాప్ తలుపు పక్కనే ఉంది. అయినా యాభై రెండేళ్ల ఆ మోకాళ్లకు, వంగితేనే పని చేసినట్టుంటుంది.

తల ఎత్తేలోగా పింగాణీ కప్పు మూతి మీద పగిలింది. మాస్కు లోపల వెచ్చగా నెత్తురు. తొంభై ఒక్కేళ్ల ఎల్లా జ్వరంతో మంచం అంచుకు వచ్చి, ఏదో భాషలో ఒకే మాట అరుస్తూ, ఆమె భుజంలోకి గోళ్లు దించి గుంజుతోంది.

"మాప్ ఉంది దేనికక్కా, షోకేసులో పెట్టుకోడానికా?" వరండాలో పుష్పవతి పెదవికి దూది అద్దుతూ అంది జోజి. బాపట్ల నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు.

"కర్రతో తుడిస్తే మూలల్లో మురికి అట్టాగే ఉండిపోద్ది."

"నీ మూతి మాత్రం శుభ్రంగా పగిలింది. రిపోర్ట్ రాస్తన్నా."

"రాయమాక జోజీ. సూదేసి పడుకోబెడతారు. ఈ జ్వరంలో ఇంక లేవదు. ఏం చూసి జడుసుకుందో, ఆ జడుపులోనే పోద్ది."

"సాయంత్రం దాకా చూస్తా. మళ్లా అరిచిందా, డాక్టరుకి ఫోన్ చేసేస్తా."

మధ్యాహ్నం ఎల్లా కూతురు రూత్ టాబ్లెట్‌లో కనిపించినప్పుడు, ఆ మాటకు అర్థమేమిటని పుష్పవతి అడిగింది. రూత్ 'లే, నాన్నా' అని చెప్పి, తల్లి చిన్ననాటి సంగతి ఎత్తుకుంది.

వియన్నా. నాజీల పాలన వచ్చిన వారం. యూదులను ఇళ్లలోంచి ఈడ్చుకొచ్చి వీధులు తోమించారు. ఎల్లా తండ్రిని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. బకెట్‌లో చర్మం ఊడగొట్టే మందు. పోలీసులు చూడొచ్చిన జనాన్ని వరుసలో నిలబెడుతున్నారు. పక్కింటామె తన బిడ్డకు కనబడాలని ఎత్తుకుని చూపించింది. చేతికి నాజీ పట్టీ కట్టుకున్నవాడొకడు తండ్రి వేళ్లను బూటుతో నలిపాడు. తర్వాత నోటి మీద తన్నాడు. నురగలో పళ్లు. తొమ్మిదేళ్ల ఎల్లా తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన లేవలేదు.

పుష్పవతి టాబ్లెట్ తుడిచి పెట్టింది. ఆమె తండ్రిని కూడా ఒకడు తన్నాడు. కామందు వాకిట్లో, చెప్పులు విడవనందుకు. ఎనిమిదేళ్ల పుష్పవతి గొడ్లసావిడి రాట వెనక నిలబడి చూసింది. వెళ్లి లాగలేదు. ఆయనకన్నా ముందు ఇంటికి పరిగెత్తి, నిద్రపోతున్నట్టు పడుకుంది. ఆ నిద్ర నటన ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మూడింటికి ఎల్లా ఊపిరి రంపంలా కోస్తోంది. పెదవులు నీలంగా మారాయి. చూపు నేల మీదే. మళ్లీ ఆ మాట. గొంతు పెరుగుతోంది. వరండాలో జోజి అడుగుల చప్పుడు.

పుష్పవతి మాప్ తీసుకోలేదు. మంచం పక్కన నేల మీద, తెలిసే, గొంతుక్కూర్చుంది. మెడ వంచి దెబ్బ కోసం ఎదురుచూసింది. ముసలి చెయ్యి తడుముకుంటూ వచ్చి, గ్లవ్ తొడుక్కున్న ఆమె వేళ్లు పట్టుకుంది. గుంజింది. పుష్పవతి వెంటనే లేవలేదు. ఆ చేతిలో మిగిలిన బలమంతా పడేదాకా ఆగింది. అప్పుడు లేచింది. మోకాళ్లు పటపటమన్నాయి. వెన్ను నిటారుగా పెట్టి, ఎప్పుడూ నిలబడనంత ఎత్తుగా నిలబడింది.

ఎల్లా అరవలేదు. తన నోటిని వేలితో తాకి ఏదో అడిగింది.

"ఉన్నాయి తల్లీ," అంది పుష్పవతి. "పళ్లన్నీ ఉన్నాయి."

తలుపు దగ్గర జోజి ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

నాలుగున్నరకు టీ బండి వచ్చేసరికి ఎల్లాకు టీ అవసరం లేకపోయింది. తెల్ల సూట్లు వేసుకున్న ఇద్దరు ఆమెను సంచిలో పెట్టి జిప్పు లాగి తీసుకెళ్లారు. దుప్పట్లు తీయడానికి పుష్పవతి వంగింది. ముసలి పిడికిలిలో ఊడి ఉండిపోయిన తన నీలం గ్లవ్ పక్క మీద పడి ఉంది. లోపలి చెమట ఇంకా ఆరలేదు. మూడు వేళ్లు సాగి, ఎవరో పట్టుకుని లాగుతున్నట్టే ఉన్నాయి.