ఏడో నిబంధన

పాస్‌వర్డు అనునది పన్నెండు అక్షరాలకు తగ్గరాదనీ, అందులో ఒక అంకె, ఒక విచిత్రమైన గుర్తు విధిగా ఉండవలెననీ, దానిని కాగితం మీద రాయరాదనీ, కన్నతల్లికి గాని, కట్టుకున్నదానికి గాని, కడుపున పుట్టినవారికి గాని చెప్పరాదనీ, ఇంకొకరిది వాడరాదనీ విశ్వవిద్యాలయం ఆ ఏడాది శాసించింది. రాళ్ళ మీద చెక్కించిన రాజశాసనాలకైనా ఇంతటి గాంభీర్యం ఉండి ఉండదు. నలభై రెండు పేజీల సమాచార భద్రతా విధానంలో ఇది ఏడో నిబంధన. ఉల్లంఘించినవారు ఏ పదోన్నతికీ పనికిరారు. పుస్తకం అట్ట మీద విధాన సంఘం అధ్యక్షులవారి ఫొటో, లోపల వారి ముందుమాట, చివర్న చిన్న అక్షరాల్లో ‘టైపు సాయం: కంప్యూటరు కేంద్రం సిబ్బంది’ అని ఒక కృతజ్ఞత. ఆ నలభై రెండు పేజీలనూ, ముందుమాటతో సహా, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా రాసింది ఆ టైపు సాయమే. ఆ సాయం చేసినామె అధ్యక్షులవారు కట్టుకున్నది కూడా.

విధానం అమలులోకి వచ్చిన రోజు ఉదయం ఆమె ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు దగ్గరికి వచ్చేసరికి పక్కగదిలోంచి కేక వినబడింది.

“ఇదిగో, నా పాస్‌వర్డు చెప్పు. త్వరగా.”

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి అక్షరం తరవాత అక్షరం చెప్పింది. హాల్లో టీవీ చూస్తున్న అత్తగారూ, గిన్నెలు తోముతున్న పనిమనిషీ, తెరిచిన కిటికీ అవతల ఎదురింటివారూ శ్రద్ధగా విన్నారు. పదకొండేళ్ళుగా రోజూ ఇదే తంతు. “ఒక్కసారి గుర్తుపెట్టుకోకూడదటండీ?” అని మొదట్లో ఆమె అడిగేది. “నా బుర్రలో ఉండవలసినవి వేరు” అనేవారు ఆయన. ఆ వేరేవి ఏమిటో ఆమెకు ఇంతవరకూ అంతుపట్టలేదు. ఎందుకంటే ఆయన విద్యార్థుల మార్కులు ఎక్కించేది ఆమె, సెలవు దరఖాస్తులు ఆమోదించేది ఆమె, పరిశోధన గ్రంథాల మీద ‘లోతైన పరిశీలన, ప్రశంసనీయమైన కృషి’ అని నివేదికలు పంపేది ఆమె. ఆరుగురు మనుషులు తమ పేర్లకు ముందు డాక్టరు అని రాసుకుంటున్నారంటే, అది వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆమె ఒక చేత్తో నొక్కిన మీటల చలవ. అత్తగారి లెక్కలో ఇవన్నీ చిల్లర పనులు. “పెద్ద పని వాడు చేస్తాడు. నువ్వు ఆ పక్కన నాలుగు మీటలు నొక్కుతావు. దానికే అలిసిపోయానంటే ఎలా అమ్మాయ్?” అని ఆవిడ ఒకసారి వచ్చినవాళ్ళ ముందు నవ్వుతూ అడిగింది. వచ్చినవాళ్ళూ నవ్వారు. అత్తగారి ఫోను తెరిచే అంకెలు, ఇంటి కరెంటు బిల్లు కట్టే ఖాతా, ఆడపడుచు మర్చిపోయి మర్చిపోయి ఇక్కడే దాచుకున్న నాలుగు రహస్యాలు కూడా ఆమె తలలోనే ఉన్నాయి. ఆ తల ఒక పాత బీరువాలా తయారైంది. వచ్చినవాళ్ళందరూ తమ తాళాలు అందులో పడేసి వెళ్ళేవారే తప్ప, లోపల దానిదంటూ ఏముందని తొంగిచూసినవారు లేరు.

కంప్యూటరు కేంద్రంలో ఆమె సీనియర్ అసిస్టెంటు. విశ్వవిద్యాలయానికి సమాచార భద్రతాధికారి అని కొత్తగా ఒక పోస్టు మంజూరైంది. ఆ అధికారి చేయవలసిన పనులన్నీ పదకొండేళ్ళుగా చేస్తున్నది ఆమే కనుక, దరఖాస్తు పెట్టింది కూడా ఆమె ఒక్కతే. అర్హతలు పరిశీలించేది విధాన సంఘం. “నీదే అనుకో. నేనున్నానుగా” అన్నారు అధ్యక్షులవారు, ఆమె చేతిలోంచి చొక్కా అందుకుంటూ. తన పేరు ముందు ఒక పదవి ఉంటుందనీ, తన గది తలుపు మీద ఒక బోర్డు ఉంటుందనీ ఆమె ఊహించుకుంది. బోర్డు రంగు దాకా వెళ్ళి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

విధానంలోని పదిహేనో నిబంధన ప్రకారం, ఏడాదికి రెండుసార్లు ఉద్యోగులందరికీ ఒక నకిలీ మెయిలు పంపి, ఎవరు మోసపోతారో చూడాలి. పట్టుబడినవారు శిక్షణ తరగతికి రావాలి. విధాన సంఘంలో ఉన్నవారైతే సభ్యత్వం వదులుకోవాలి. గాలానికి ఎర ఏమిటన్నది ఆమె చాలాసేపు ఆలోచించింది. గుమాస్తాలు భయానికి లొంగుతారు. ఆచార్యులు భయపడరు, వారికి గౌరవం కావాలి. అందుచేత ఆమె ఇలా రాసింది: ‘మహోదయా, ఈ సంవత్సరపు ఉత్తమ ఆచార్య పురస్కారానికి తమ పేరు పరిశీలనలో ఉన్నది. వివరాలకు కింది లింకు తెరిచి తమ పాస్‌వర్డు నమోదు చేయగలరు.’ ఆ రోజే పది గంటలకు దాన్ని మూడువందల నలభై మందికి వదిలి, ఫోను ఆపేసి, మొదటి ఏడాది విద్యార్థులు నూట ఇరవై మందికి భద్రతా పాఠం చెప్పడానికి వెళ్ళింది. అపరిచితులు చూపించే ఆశకు లొంగవద్దని గంటసేపు బోధించింది.

తిరిగొచ్చి ఫోను తెరిస్తే భర్త నుంచి తొమ్మిది మిస్డ్‌కాల్స్ ఉన్నాయి. కంప్యూటరు తెరిస్తే, గాలానికి చిక్కినవారు అరవై ఒక్కమంది. జాబితాలో మొదటి పేరు విధాన సంఘం అధ్యక్షులవారిది. పది గంటల నాలుగు నిమిషాలకే ఆయన ఆ నకిలీ గుమ్మం ముందు నిలబడ్డారు. పేర్ల జాబితా తనంత తానే రిజిస్ట్రారుకు చేరిపోయే ఏర్పాటు కూడా ఆమె చేసిందే. ఎవరూ మధ్యలో దిద్దకుండా.

సాయంత్రం ఇంట్లో కాఫీ చల్లారిపోయింది.

“పరీక్ష అని నాకు ముందే చెప్పొద్దూ?” అన్నారు ఆయన.

“చెబితే అది పరీక్ష ఎలా అవుతుందండీ?”

“మొగుడికి పరీక్ష పెట్టిన ఆడదాన్ని ఇన్నేళ్ళకి చూశాను” అంది అత్తగారు, టీవీ సౌండు తగ్గించి.

ఆయన కోపగించుకోలేదు. కోపం కన్నా భయంకరమైన ఓపిక ఒకటి ఆయన దగ్గర ఉంది. తరగతిలో మందబుద్ధులకు వాడేది. “చూడు, నా మెయిల్సు నువ్వే చూస్తావని డిపార్టుమెంటు మొత్తానికి తెలుసు. ఆ మెయిలు నువ్వే నొక్కావంటే సరిపోతుంది.”

“ఆ టైముకి నేను క్లాసులో ఉన్నానండీ. నూట ఇరవై మంది చూశారు.”

“పిల్లల్ని సాక్ష్యానికి ఎవరు పిలుస్తారు?”

“మరి నా పోస్టు?”

“ఆ పోస్టు ఇచ్చేది ఎవరు? మా సంఘం. సంఘంలో నేను లేకపోతే నీ గురించి మాట్లాడేదెవరు? నీ కోసమే చెబుతున్నా.”

“వాడికొస్తే అప్రతిష్ఠ, నీకొస్తే పొరపాటు” అంది అత్తగారు. “ఆ మాత్రం తేడా తెలీదూ? ఇంతా చదువుకున్నావు.”

ఆమె కాఫీ కప్పులు తీసి కడిగింది. నీళ్ళ కింద చేతులు పెట్టుకుని ఆలోచిస్తే ఆయన మాటలో తర్కం ఉన్నట్టే తోచింది. ఆయన మాటలో ఎప్పుడూ తర్కం ఉంటుంది. ప్రతిసారీ దాని ఖర్మ కొద్దీ అది ఆయన వైపే నడుస్తుంది. పెళ్ళైన కొత్తలో ఆమె పరిశోధన ఆపేసినప్పుడూ ఇంతే. “ఇద్దరం చదివితే ఇల్లెవరు చూస్తారు? ముందు నాది అవనీ” అన్నారు. ఆయనది అయింది. ఆ గ్రంథం టైపు చేసింది ఆమె. అందులో మూడో అధ్యాయం ఆమె ఆపేసిన పరిశోధనే అన్న సంగతి ఆ ఇద్దరికీ తెలుసు. ఒకరు మాత్రమే గుర్తుపెట్టుకున్నారు.

మర్నాడు సంఘం సమావేశమైంది. పొడుగాటి బల్లకు ఒక కొసన అధ్యక్షులవారు, పక్కన రిజిస్ట్రారు, ఇంకో పక్క న్యాయశాస్త్ర ఆచార్యులు, తక్కిన సభ్యులు నలుగురు. గోడ పక్కన, మినిట్స్ రాసుకోవడానికి, ఆమె. రిజిస్ట్రారు గొంతు సవరించుకుని జాబితాలో మొదటి పేరు చదివి, క్షమాపణగా నవ్వారు.

“అదా, మా ఆవిడ పని లెండి” అన్నారు అధ్యక్షులవారు. “నా మెయిల్సన్నీ తనే చూస్తుంది. ఇంటి పనుల్లో పడి కాస్త పరధ్యానం. కొంచెం తొందర మనిషి కూడా.”

“మొగుడికి పురస్కారం అనేసరికి ఆగలేకపోయి ఉంటారు పాపం” అన్నారు న్యాయశాస్త్రంవారు. బల్ల చుట్టూ దయగల నవ్వులు లేచాయి. ఆమె తల వంచుకుని ఆ మాటలన్నీ మినిట్స్‌లో రాసుకుంది. నింద తను మోస్తే పోస్టు తనకు వస్తుందన్నది రాత్రి కుదిరిన ఒప్పందం.

రిజిస్ట్రారు పుస్తకం తిరగేశారు. “ఏడో నిబంధన. పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పరాదు, ఇంకొకరిది వాడరాదు. ఇది మీరు రాసిందేనమ్మా?”

“నేను రాసిందేనండీ.”

“ఎంత చక్కగా రాశారో. ఎక్కడా సందు లేదు.” ఆయన నొచ్చుకుంటూ అధ్యక్షులవారి వైపు చూశారు. “మరి ఇలా అయితే మేడం దరఖాస్తు...”

అందరూ ఆయన వైపే చూశారు. ఆమె కూడా చూసింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. “భార్య అని నేను పక్షపాతం చూపించలేను” అన్నారు. “నిబంధన అంటే నిబంధనే.”

కలం ఆగింది. తను రాస్తున్న మినిట్స్‌లో ఆ వాక్యం సగం దాకా వచ్చి ఉందని ఆమె గమనించింది. ‘భార్య అని’ వరకూ. ఆమె కలం మూసి, ఫైలులోంచి ఇంకో కాగితం తీసి, లేచి వెళ్ళి రిజిస్ట్రారు ముందు పెట్టింది. పేర్ల జాబితాతో పాటు, కొట్టిన పాస్‌వర్డు తప్పో ఒప్పో సరిచూసి యంత్రం రాసిపెట్టే వివరాల కాగితం అది. రాత్రి ఇంట్లో ఆమె దాన్ని ఎవరికీ చూపించలేదు. అవసరం రాదనే అనుకుంది.

రిజిస్ట్రారు పైకి చదవడం మొదలుపెట్టారు. “పది గంటల నాలుగు నిమిషాలు. మొదటి ప్రయత్నం, తప్పు. రెండో ప్రయత్నం, తప్పు. మూడు, తప్పు...” అలా పదకొండు దాకా చదివి, తలెత్తారు. “ఇదేంటమ్మా?”

“ఆ మెయిలు తెరిచినవారు పదకొండుసార్లు పాస్‌వర్డు కొట్టారండీ. ఒక్కటీ సరైనది కాదు” అందామె. “ఆ పాస్‌వర్డు పెట్టింది నేను. రోజూ పొద్దున అక్షరం అక్షరం చెప్పేది నేను. నేనైతే ఒక్కసారికే సరిపోయేది.”

అధ్యక్షులవారి చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె పెట్టిన కాగితాన్ని ఆయన స్వయంగా దగ్గరికి లాక్కుని, చివరి దాకా చదివారు. ఆ రెండు నిమిషాలూ ఆమె జీవితంలో చాలా పొడుగైనవి. మూడో నిమిషంలో న్యాయశాస్త్రం మేలుకుంది.

“ఒక్క సందేహం” అన్నారు న్యాయశాస్త్రంవారు, వేలు ఎత్తి. “తప్పు పాస్‌వర్డు పాస్‌వర్డు అవుతుందా? కాదు కదా. అంటే మన అధ్యక్షులు ఏ రహస్యమూ బయటపెట్టలేదు. అసలు వారికి తెలిస్తే కదా బయటపెట్టడానికి.”

రిజిస్ట్రారు ముఖం వికసించింది. అరవై ఒకటి కొట్టేసి అరవై వేశారు. ‘మోసపూరితమైన మెయిలు పదకొండుసార్లు అడిగినను తమ పాస్‌వర్డు వెల్లడించని అధ్యక్షులవారిని సంఘం అభినందించుచున్నది’ అని తీర్మానం చెప్పి, ఆమెను రాసుకోమన్నారు. తరవాత ఆమె వైపు తిరిగి, గొంతులో జాలి నింపుకుని, ఆ పాస్‌వర్డు తెలిసిన ఏకైక వ్యక్తి తనేనని ఆమే స్వయంగా ఒప్పుకున్నారు కనుక దరఖాస్తు తిరస్కరించక తప్పదనీ, శిక్షణ తరగతికి కూడా హాజరు కావాలనీ చెప్పారు.

“ఆ తరగతి చెప్పేది నేనేనండీ.”

“మరీ మంచిది. ఆలస్యం కారు.”

తీర్మానాలు అయిదు గంటల లోపల అధ్యక్షులవారి ఖాతాలోంచి ఆమోదం పొందాలి. రిజిస్ట్రారు లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపారు. ఆయన చొక్కా చేతులు సర్దుకుని, వేళ్ళు మీటల మీద ఉంచి, తల తిప్పకుండానే అన్నారు:

“ఊఁ, చెప్పు.”

ఆమె తీర్మానాల కాగితం బల్ల మీద పెట్టి, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది.

“ఏడో నిబంధనండీ” అంది.

తలుపు వెనకాల మూసుకుంటుండగా న్యాయశాస్త్రంవారి గొంతు వినబడింది: “మీ పుట్టినరోజు కొట్టి చూడండి. లేదా అమ్మగారి పేరు.” నకిలీ గుమ్మానికి లెక్క లేదు గాని, అసలు గుమ్మం అయిదు తప్పులకే మూసుకుంటుంది. ఆమె మెట్లు దిగే లోపల అయిదూ అయిపోయాయి. ఖాతా తెరిపించుకోవడానికి సమాచార భద్రతాధికారికి దరఖాస్తు పెట్టుకోవలెనని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. రిజిస్ట్రారు ఆ అధికారి ఫోను నంబరు కోసం సిబ్బంది జాబితా తెప్పించారు.

ఆ పోస్టు ఖాళీగా ఉంది.