తూర్పు గ్యాలరీ, పద్నాలుగో నంబరు

నేను ఒక కుర్చీని. ఇంట్లో ఉండే నాలుగు కాళ్ళ కుర్చీగా పుట్టలేదు. అప్పుడు నాకు కాళ్ళు లేవు. ఫుట్‌బాల్ స్టేడియంలో సిమెంటు మెట్టుకు రెండు బోల్టులతో బిగించిన నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీని. ఒకసారి బిగించాక లేచి తిరిగే పని లేదు. నాకు తెలిసిందంతా నా దగ్గరకు వచ్చినవాళ్ళ వల్ల తెలిసిందే. రానివాళ్ళ వల్ల తెలిసింది కూడా ఉంది. ఎక్కువగా అదే చెబుతాను.

పుట్టింది ఊరి చివర ఒక చిన్న ఫ్యాక్టరీలో. ప్లాస్టిక్ గింజలు కరిగించి అచ్చులోకి నొక్కారు. చల్లారాక బయటికి తీసి వీపు మీద తెల్ల రంగుతో నంబరు కొట్టారు. మనుషులు పేరు పెట్టాలంటే అయినవాళ్ళందరినీ అడుగుతారు, చివరికి పోట్లాడుకుంటారు. నాకు పద్నాలుగు అని పేరు పెట్టినవాడు నా వంక సరిగా చూడను కూడా లేదు. వెనక పదిహేను ఎదురు చూస్తోంది కదా, వాడి తొందర వాడిది.

లారీలో సికింద్రాబాద్ వచ్చాను. తూర్పు గ్యాలరీలో, నలభై మెట్లు ఎక్కాక వచ్చే వరుసలో నన్ను బిగించారు. ఎదురుగా పచ్చటి మైదానం. ఆవలి గట్టున పెద్ద కెమెరాలు. ఆదివారం సాయంత్రం అయిదింటికి ఆట.

సీజన్ టికెట్ అని ఒకటుంది. ఏడాది ఆటలన్నిటికీ ఒకేసారి కొనేస్తారు. ఆ ఏడాదంతా ఆ కుర్చీ ఆ మనిషిదే. వచ్చినా ఆయనదే, రాకపోయినా ఆయనదే. నా కింది వరుసలో నాలుగు కుర్చీలు ఎవరో పెద్దమనిషివి. మూడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా రాలేదు. పెద్ద ఆట ఉన్నరోజు మాత్రం ఆ నాలుగింటిలో నలుగురు కొత్తవాళ్ళు కూర్చునేవారు. ఎవరి దగ్గర కొన్నారో చెప్పరు. ఎంత పోసి కొన్నారో మాత్రం ఆట అయ్యేదాకా చెప్పుకుంటారు. మిగతా రోజుల్లో ఆ నాలుగూ ఎండకు ఎండి వానకు తడిసేవి. బయట గేటు దగ్గర టికెట్టు దొరకని జనం ఉండేవారు. వాళ్ళ అరుపులు మాకు వినిపించేవి.

నాకు ఆ బాధ లేదు. నన్ను కొన్నది దేవదానం.

ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. వయసులో ఉండగా వర్క్‌షాపు జట్టులో వెనక నిలబడి ఆడేవాడట. మనిషిని నేను ముఖంతో గుర్తుపట్టను. నాకు బరువు తెలుసు, కూర్చునే పద్ధతి తెలుసు. దేవదానం కుడివైపు వాలి కూర్చుంటాడు. మనవాళ్ళ గోలు మీదికి బంతి వస్తే ఎడమ కాలితో నేలను తంతాడు. ఆయన తన్నినప్పుడల్లా నా బోల్టులు వణికేవి. అయినా నాకు ఇష్టంగానే ఉండేది.

పక్కన పదిహేనులో నర్సింగ్. ఇద్దరూ ఒకే షెడ్డులో ముప్పై ఏళ్ళు ఫిట్టర్లుగా చేశారు. దేవదానం నోరు మూయడు. నర్సింగ్ నోరు తెరవడు. అందుకే అన్నేళ్ళు కుదిరినట్టుంది. అటుపక్క పదమూడులో విమల. పోస్టాఫీసులో పని. ఒక్కతే వచ్చి, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, ముగ్గురికీ పోసేది.

మూడేళ్ళు ఒక్క ఆట తప్పలేదు దేవదానం. నాలుగో ఏడు మొదటి ఆటకు రాలేదు. పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయిందని నర్సింగ్ విమలతో చెప్పాడు. అంతే చెప్పాడు. తర్వాత భుజం మీద తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి నా మీద పరిచాడు.

ఆ ఏడే జట్టును నడిపే క్లబ్బువాళ్ళు ఒక నోటీసు అంటించారు. సీజన్ టికెట్ పెట్టుకుని ఆరు ఆటలకు రాకపోతే పై ఏడు ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో గేటు దగ్గరున్న మిషను చూసుకుంటుంది. కార్డు ఆనిస్తే టింగుమంటుంది, వచ్చినట్టు లెక్క.

దేవదానం తన కార్డును నర్సింగ్ చేతికిచ్చి పంపాడు. ఆట రోజు మధ్యాహ్నంలోపు టికెట్ కిటికీలో తిరిగి ఇచ్చేస్తే, బయట వరుసలో ఉన్నవాళ్ళకు ఆ ఒక్క ఆటకు అమ్ముతారు. అట్లా ఎవరైనా కూర్చోనీ, ఖాళీగా ఉంచొద్దని చెప్పాడు. నర్సింగ్ తలూపాడు. తలూపడం ఆయనకు అలవాటే. కానీ కిటికీ దగ్గరకు పోలేదు. గేటు దగ్గర తన కార్డు ఒకసారి ఆనించి, దేవదానం కార్డు ఒకసారి ఆనించి లోపలికి వచ్చాడు. మిషను రెండుసార్లు టింగుమంది. మిషను లెక్కలో దేవదానం వచ్చాడు. నా మీద చూస్తే తువ్వాలు.

"అన్నా, ఇక్కడ ఎవరన్న ఉన్నరా?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"ఉన్నడు. బయటికి పోయిండు, వస్తడు" అనేవాడు నర్సింగ్.

తొంభై నిమిషాలు బయట తిరిగే మనిషి ఉంటాడా? అడిగినవాళ్ళు ఒకసారి తువ్వాలును, ఒకసారి ఆయనను చూసి వెళ్ళిపోయేవారు. గ్యాలరీ అంతా నిండి, మెట్ల మీద కూడా మనుషులు కూర్చున్న రోజున నేను ఖాళీగా ఉన్నాను. కుర్చీకి అంతకంటే సిగ్గు ఇంకొకటి లేదు.

విరామంలో దేవదానం ఫోను చేసేవాడు. నర్సింగ్‌కు చెవి కొంచెం మందం. ఫోను గట్టిగా వినపడేట్టు పెట్టి నా మీద, తువ్వాలు పక్కన ఆనించేవాడు. దాంతో ఆ మాటలన్నీ నాకు దక్కాయి.

"ఇయ్యాల ఎవరు కూర్చుండ్రు రా నా కుర్చీల?"

నర్సింగ్ తువ్వాలు వంక ఒకసారి చూశాడు. "మిలిటరీల చేసినాయన. మీసాలున్నయి."

అట్లా మొదలైంది. తర్వాతి ఆటకు బట్టల దుకాణం నడిపే ఆయనను కూర్చోబెట్టాడు. ఆ తర్వాత కాజీపేట నుంచి రైలెక్కి వచ్చిన అన్నదమ్ములు. ఒక కుర్చీలో ఇద్దరెట్లా కూర్చున్నారని దేవదానం అడిగితే, వంతులేసుకున్నారన్నాడు. ఒక వారమంతా కలిపి పది మాటలు మాట్లాడని మనిషి, లేనివాళ్ళకు మీసాలు పెట్టాడు, ఊళ్ళు పెట్టాడు, ఉద్యోగాలిచ్చాడు. విమల కొంగు నోట్లో పెట్టుకుని నవ్వేది.

ఎనిమిదో ఆటనాడు.

"ఇయ్యాల ఎవరు రా?"

"పంతులమ్మ. బొల్లారం నుంచి వచ్చింది."

"ఏం చెప్తదట?"

"లెక్కలు."

"మంచిదే. ఫోనియ్యి, ఒక్క మాట మాట్లాడ్త."

"బాత్రూంకి పోయింది."

"మిలిటరీ ఆయన గుడ బాత్రూంకే పాయె. బట్టల దుకాణమాయన గుడ గాడికే పాయె. నా కుర్చీల కూర్చుంటే అందరికి గట్లనే అయితదా రా?"

విమలకు టీ పొలమారింది.

"నర్సింగూ."

"ఆఁ."

"టీవీల కనపడ్తది రా."

నర్సింగ్ తలెత్తి ఎదుటి గట్టు వైపు చూశాడు. కెమెరాలు అక్కడే ఉన్నాయి. మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి.

"బాల్ గాదిక్కు పోయినప్పుడల్ల కనపడ్తవ్. నువ్వు, నీ పక్కపొంటి తువ్వాల. మొదటి మాచ్ సంది ఆటకంటె తువ్వాలనే ఎక్కువ చూసిన."

"మరి ఎర్కుండి గుడ ఎందుకడిగినవ్?"

"బతుకంత నోరిప్పనోడివి, నా కోసం గన్ని ముచ్చట్లు అల్లుతుంటివి. ఎందుకాపాలె?" దేవదానం నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. "గని ఇగ చాలు. బయట మనుషులు టికెట్లు దొరక్క నిలవడ్తున్నరు. వయసుల మనం గోడెక్కి చూడలేదా? గా కుర్చీ ఉత్తగ ఉంటే నాకు అన్నం తింటుంటే ఎవరో ఆకలితోని గుమ్మంల నిలవడ్డట్టున్నది."

"ఇస్తే నీ జాగ పోతది."

"పోతే పోనియ్యి."

"పోతే మల్ల నువ్వెట్ల వస్తవ్?"

నర్సింగ్ గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు. ముందు వరుసవాళ్ళు తిరిగి చూశారు. దేవదానం మెల్లగా అన్నాడు.

"నలభై మెట్లు ఎక్కి నేను రానని నీకెర్కలేదా రా?"

అప్పటికి నాకు అర్థమైంది. నర్సింగ్ కాచింది నన్ను కాదు. నన్ను ఇంకొకరికి ఇచ్చిన రోజు, దేవదానం ఇక రాడని తన చేత్తో తాను ఒప్పుకున్నట్టు. ఆ పని చెయ్యలేక, మిషనుకూ అబద్ధం చెప్పాడు, మనిషికీ చెప్పాడు.

"వచ్చే ఆదివారం గా కుర్చీల మనిషి కనపడకపోతే నా ఇంటికి రాకు" అని దేవదానం ఫోను పెట్టేశాడు.

విమల టీ పోసి ఇచ్చింది. "అన్నా, నోటీసు మొత్తం సదివినవా? కిటికీల వాపస్ ఇస్తే వచ్చినట్టే రాసుకుంటరు. కుర్చీ ఎక్కడికి పోదు. కింద రెండో లైన్ల రాసి ఉన్నది."

"నేను మొదటి లైనే సదివిన" అన్నాడు నర్సింగ్. టీ చల్లారిపోయేదాకా తాగలేదు.

తర్వాతి ఆదివారం ఆయన వచ్చి పదిహేనులో కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. నా వైపు చూడలేదు. ఆట మొదలైంది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ఎవరూ రాలేదు. కిటికీలో ఇచ్చినా కొనేవారు లేరేమోనని నాకు భయం వేసింది. ఆయనకు సంతోషంగా ఉందేమో, చెప్పలేను.

అప్పుడు ఒక ఆమె మెట్లు ఎక్కుతూ వచ్చింది. చీటీ చూసుకుంటూ, నంబర్లు పైకి చదువుకుంటూ వచ్చి, "పద్నాలుగు. దొరికింది" అని కూర్చుంది.

ఎన్నాళ్ళకు! దిట్టమైన మనిషి. కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి, కదిలే బండిలో కూర్చున్నట్టు కూర్చుంది. ఆర్టీసీ కండక్టరట, పేరు బాలమణి. ఆమె బస్సు రోజూ ఈ స్టేడియం గోడ పక్కనుంచే పోతుంది. ఆట ఉన్నరోజు లోపలి నుంచి ఒక్కసారిగా కేకలు వస్తే, బస్సులో జనం "ఏమైంది, ఏమైంది" అని ఆమెనే అడుగుతారట.

"ఏం చెప్పాలె? నాకేం ఎర్క? గా లొల్లి ఎక్కడికెళ్ళి వస్తదో ఒక్కపారి కండ్లతోని చూడాలె అనుకున్న. లీవు దొరికిన మూడు ఆదివారాలు వచ్చి లైన్ల నిలవడ్డ. మూడుసార్లు సీట్లు లేవన్నరు."

నర్సింగ్ తల వంచుకున్నాడు. ఆ మూడు ఆదివారాలూ సీటు ఉంది. సీటు మీద తువ్వాలు ఉంది.

"మనోళ్ళు ఎవరన్నా?" అని అడిగింది బాలమణి.

ఆయన చెయ్యెత్తి చూపించాడు. "నీలం అంగీలు. అటుదిక్కు కొట్టాలె."

విరామంలో ఫోను మోగింది. నర్సింగ్ ఈసారి దాన్ని నా మీద ఆనించలేదు. జాగా ఎక్కడిది? తీసి బాలమణి చేతిలో పెట్టాడు. "ఈ కుర్చీ ఆయనది. ఆయనతోని మాట్లాడు బిడ్డా."

"నమస్తే పెద్దాయనా. మీ సీటు మంచిగున్నది."

"చూస్తున్నవా అమ్మా? అర్థమైతున్నదా?"

"అర్థమైతున్నది. గని మనోళ్ళల్ల పొడుగాయన ఒకడున్నడు. ఫుట్‌బోర్డు మీద నిలవడ్డ ప్యాసింజర్ లెక్క, లోపలికి పోడు, కిందికి దిగడు. వెనకొచ్చేటోళ్ళకు అడ్డం."

అవతల దేవదానం నవ్వు ఫోను పగిలేట్టు వినిపించింది. "నేను ఆట మొదలైన సంది గదే మొత్తుకుంటున్న! ఎవడు వింటున్నడు! అమ్మా, ఒకపారి చెయ్యి ఊపు. టీవీల చూస్త."

విరామంలో టీవీలో ప్రకటనలే వస్తాయి, మనుషులు కనపడరని విమల చెప్పింది. బాలమణి వినలేదు. విరామం అయి ఆట మొదలయ్యాక బంతి మా వైపు వచ్చిన ప్రతిసారీ లేచి చెయ్యి ఊపింది. మూడోసారి నర్సింగ్ కూడా ఊపాడు. ఆ రోజు మనవాళ్ళు ఓడిపోయారు. ఆ సంగతి ఎవరికీ పెద్దగా పట్టినట్టు లేదు.

ఆ తర్వాత నేను ఖాళీగా ఉన్న ఆట లేదు. నన్ను వారానికొకరు కొన్నారు. పెళ్ళిచూపులు తప్పించుకుని వచ్చిన ఇంజనీరు, ఆట అంతా పత్రిక చదువుకున్న ముసలాయన, కేకలకు ఉలిక్కిపడి నా అంచులు గట్టిగా పట్టుకున్న కొత్త కోడలు. అబద్ధాల్లో వచ్చిన మీసాలాయన కంటే వీళ్ళే వింతగా ఉన్నారు. ప్రతి ఒక్కరూ విరామంలో దేవదానంతో మాట్లాడవలసిందే. నర్సింగ్ అది నియమంగా పెట్టాడు. కొందరు విసుక్కున్నారు. చాలామంది ఫోను తొందరగా తిరిగి ఇవ్వలేదు.

మొత్తం తొమ్మిదేళ్ళు ఉన్నాను. రంగు వెలిసింది. అంచు చిట్లింది. మడిచే కుర్చీలు కొత్తవి వస్తున్నాయని, పాతవి తుక్కుకు వేస్తారని తెలిసింది. సీజన్ టికెట్ ఉన్నవాళ్ళు కావాలంటే తమ కుర్చీ తీసుకుపోవచ్చన్నారు. కింది వరుసలో ఆ నాలుగింటి కోసం ఎవరూ రాలేదు. అవి తుక్కు లారీ ఎక్కాయి. నా కోసం నర్సింగ్ స్పానరు పట్టుకుని వచ్చాడు. తుప్పు పట్టిన బోల్టులను గంటసేపు బతిమాలి విప్పాడు.

బాలమణి బస్సులోనే ఎక్కించాడు. "దీనికి టికెట్ కొట్టాల్నా అమ్మా?" అని అడిగాడు.

"ఖాళీగ తీస్కపోతే కొట్టాలె. ఎవరన్న కూర్చుంటే మనిషికే" అంది ఆమె. అప్పుడే ఎక్కిన ఒక గర్భిణి, బస్సు నడవలో నా మీద కూర్చుని తార్నాక దాకా వచ్చింది.

ఇద్దరు ఫిట్టర్లూ కలిసి దేవదానం ఇంట్లో ఇనుప కోణాలతో నాకు కాళ్ళు పెట్టారు. టీవీ ఎదురుగా నిలబెట్టారు. కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని, ఆయన నా మీద కూర్చున్నాడు. బరువు బాగా తగ్గింది. కుడివైపు వాలడం మాత్రం పోలేదు. నాకు అదే చాలు. ఆయన నా దగ్గరకు ఎక్కి రాలేకపోయాడు. దించి తెచ్చేవాళ్ళుండబట్టి నేనే వచ్చాను. అందరికీ అటువంటివాళ్ళు ఉండరు.

కార్డు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. కొత్త పద్నాలుగులో వారానికొకరు కూర్చుంటారు. ఆదివారం ఆయన అది చూసి, ఎవరో కూర్చున్నారని తృప్తిపడి, తర్వాత ఆట చూస్తాడు.

మొన్న ఆట మధ్యలో మందు వేసుకోవడానికి లేచాడు. ఆయన భార్య శాంతమ్మ బియ్యం చేట పట్టుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క ఆట చూడలేదట. నా మీద కూర్చుని, బియ్యం ఏరుతూ ఏరుతూ, చెయ్యి ఆపి టీవీ వైపు చూసింది.

దేవదానం కర్ర పొడుచుకుంటూ తిరిగి వచ్చి నిలబడ్డాడు. ఆమె లేవబోయింది.

"కూర్చో, కూర్చో" అన్నాడు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"మనోళ్ళు ఎవరు?" అని అడిగింది శాంతమ్మ.