అడ్డుగోడకి కన్నాలు

వాన వెలిసి పదకొండు రోజులైంది. ఎండ ఫెళ్ళున కాస్తోంది, వీధిలో దుమ్ము కూడా లేస్తోంది. సరిగ్గా అలాంటి పూట పుస్తకాల బైండింగు చేసే ఆయన సెల్లార్‌లోకి నీళ్ళొచ్చాయి.

తలుపు సందులోంచీ కాదు, కిటికీలోంచీ కాదు, నేలలోంచి. రెండేళ్ళ కిందట దగ్గరుండి పోయించుకున్న దిట్టమైన సిమెంటు గచ్చు గోడతో కలిసే చోట మొదట చెమర్చింది, తర్వాత ఊరింది. మధ్యాహ్నానికి పాదాలు మునిగాయి. ఆయన గబగబా మోటారు తగిలించాడు.

నీళ్ళు రావడం కన్నా ఆయన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. ఇవి వస్తాయని వదిన నాలుగు రోజుల ముందే చెప్పింది. ఆయన పెడచెవిన పెట్టాడు.

వదినది పక్క వాటా. తండ్రి కట్టిన ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేపారు. కింద సెల్లార్‌లో ఒక్క ఇటుక మందం గోడ, దాని మీదే పైన రెండు వంటగదుల మధ్య గోడ. అన్న ఓడరేవులో పని చేస్తూ నెలకోసారి వస్తాడు. వదిన ముందుగదిలో బట్టలు కుడుతుంది. తానులన్నీ సెల్లార్‌లో దాస్తుంది. గోడకి ఇటు తమ్ముడి సెల్లార్‌లో కాగితం కోసే ఇనప మిషను, బడి పుస్తకాల కట్టలు, జిగురు డబ్బాలు.

ఆరు నెలల కిందట నీళ్ళ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి వరదల గురించి వీధి హాల్లో మీటింగు పెట్టింది. యాభై కుర్చీలు వేయించింది. ముగ్గురు వచ్చారు. అందులో ఒకాయన ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చాడు. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్తుంటే వదిన గుమ్మంలోంచి పిలిచింది.

"ఇలా రా అమ్మాయ్. మీటింగంటే జనం రారు. బట్టల కొలతలివ్వడానికి మాత్రం రాక తప్పదుగా. ఇక్కడ కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యాలండీ?"

"వరదొస్తే ఏం చేస్తారని అడక్కు, బుర్ర గోక్కుంటారు. పోయినసారి మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడుగు. ఇక వాళ్ళ నోరు మూయించడం నీ తరం కాదు."

అన్నట్టే అయింది. వదిన పాత లైనింగు గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి, సుద్దతో వీధి గీసింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ ఇంటి దగ్గర నీలం దారంతో కుట్లు వేయాలి. జానెడెత్తు నీళ్ళొస్తే ఒక కుట్టు, రెండు జానలైతే రెండు. పాలాయన సూది పట్టుకోవడం రాక వేలు పొడుచుకున్నాడు. బడి పంతులుగారు ముందు నవ్వి, తర్వాత భార్య వేసిన కుట్టు తప్పని వాదించి, తనే ఇంకోటి వేశారు.

"దుప్పటి కుడుతున్నారా వదినా?" అని బైండింగాయన ఎగతాళి చేశాడు.

"కప్పుకోవడానికి కాదులే మరిదిగారూ, కళ్ళు తెరవడానికి."

నెల తిరిగేసరికి గుడ్డ మీద ఒక సంగతి తేలింది. నీలం దారం ఏటి వైపు చిక్కగా ఉంటుందని అందరూ అనుకున్నారు. అది వీధి మధ్యలోంచి, అన్నదమ్ముల వాటాల మీదుగా ఏటవాలుగా పోయింది. ముసలి మంగలాయన అది చూసి, "ఇక్కడ మా తాతల నాడు వాగుండేదిట. గులకరాళ్ళు పోసి పూడ్చారుట," అన్నాడు.

ఆ అమ్మాయి పుస్తకం తీసి గబగబా రాసుకుంది. "ఇది మా ఆఫీసులో ఏ కాగితంలోనూ లేదు తాతా," అంది. ముసలాయన ఆ రోజంతా వీధిలో గుండీలు బిగించుకుని తిరిగాడు.

ఆ తర్వాత వాడకుండా వదిలేసిన అయిదు పాత బావుల్లో నీటిమట్టం కొలవడం మొదలుపెట్టారు. ఇంటికో రోజు వంతు. తాడుకి బరువు కట్టి దించి, నీళ్ళు ఎంత లోతున తగిలాయో చూసి, వదిన కొట్టు ముందు పలక మీద రాయడం. వాన ఆగిపోయి ఎండ కాస్తుంటే పలక మీద నీళ్ళు పైపైకి వస్తున్నాయి. చాలామంది నవ్వారు. బైండింగాయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. నేలలోకి దిగిన వాన మళ్ళీ పైకి పొంగడానికి రోజులు పడుతుందని ఆ అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా, నేల కింద జరిగేది దేవుడికి తప్ప ఎవరికి తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఇప్పటికీ అనలేడు. కాకపోతే, దేవుడు ఆ సంగతి బావిలో రాసిపెడితే చదవద్దని ఎక్కడా చెప్పలేదు కదా అని మాత్రం పాదాలు మునిగిన ఆ మధ్యాహ్నం మొదటిసారి అనిపించింది.

మోటారు బాగానే లాగింది. సాయంత్రానికి గచ్చు కనిపించింది. ఆయన ఊపిరి పీల్చుకుని, మిషను తుడుచుకుంటుంటే వదిన మెట్ల మీద ప్రత్యక్షమైంది. చీర నడుం దాకా తడిసి ఉంది.

"మోటారు ఆపు."

"ఎందుకాపాలి? ఇప్పుడే ఆరింది."

"నీది ఆరింది. నావైపు నడుం లోతుంది. తానులు ముందే పైకి చేర్చాను కాబట్టి సరిపోయింది. నువ్వు నేల బిగించుకున్నావు, నీళ్ళు నావైపు దారి చూసుకున్నాయి. దానికి నేనేమీ అనట్లా. ఆ గోడ చూడు ముందు."

ఆయన చూశాడు. గోడ చెమటలు కక్కుతోంది. నడిమధ్యన సున్నం నిలువునా నెర్రె విచ్చింది. చెయ్యి ఆనించి చూస్తే గోడ పొట్ట కొంచెం ఇటువైపు ముందుకొచ్చి ఉంది.

"అటు నీళ్ళు నెడుతున్నాయి. ఇటు నువ్వు ఖాళీ చేస్తున్నావు. దాన్ని పట్టుకునేదెవరు?" అంది వదిన. "పైన నీ పెళ్ళాం వంట చేస్తోంది. నా పొయ్యీ ఆ గోడ పక్కనే ఉంది."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"కింద వరసలో నాలుగు ఇటుకలు తీసెయ్. నీళ్ళు రెండువైపులా ఒక్క మట్టానికి వస్తే గోడని ఏ పక్కకీ నెట్టవు. నీళ్ళమ్మాయి చెప్పింది, ఇందాక నావైపు గోడ చూసిన మేస్త్రీ కూడా అదే అన్నాడు."

"అంటే నీ నీళ్ళు నా సెల్లార్‌లోకి వదలాలన్నమాట!"

"నా నీళ్ళేమిటయ్యా! నేనేమన్నా కొనుక్కొచ్చానా?"

ఆయనకి కోపమొచ్చింది. మిషను, పన్నెండు వందల బడి పుస్తకాలు, రెండేళ్ళ కిందట ఎంతో మురిసిపోయి పోయించుకున్న గచ్చు అన్నీ కళ్ళ ముందు మెదిలాయి. "అలా వదినమ్మలు చెప్పినట్టల్లా ఇల్లు ముంచుకుంటే..." అని మొదలుపెట్టాడు. గోడలో ఎక్కడో టప్పుమని ఒక చప్పుడు. ఒక ఇటుక పెచ్చు ఊడి గచ్చు మీద పడింది.

ఆయన మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని, మోటారు ఆపేసి, పైకి చూసి కేకేశాడు. "ఏమేవ్, పొయ్యి ఆర్పేసి పిల్లల్ని తీసుకుని వీధిలోకి నడు!"

"నువ్వు కన్నాలు కొట్టేలోగా పుస్తకాలు పైకి చేరాలి," అంటూ వదిన అప్పటికే మెట్లెక్కింది.

ఎవరిని పిలిచిందో, ఏమని పిలిచిందో గానీ, చూస్తుండగానే మెట్ల పొడుగునా మనుషులు నిలబడ్డారు. పాలాయన, పంతులుగారు, ముసలి మంగలాయన, ఫ్యాను కింద నిద్రపోయినాయన. కట్టలు చేతులు మారుతూ పైకి పోయాయి. "పాఠాలు చదవకపోయినా పుస్తకాలు మోశాం, పాసు చేయండి పంతులుగారూ," అని పాలాయన అంటే మెట్లన్నీ నవ్వాయి. మిషను కదలదు. మేస్త్రీ దాని ఇనప కాళ్ళకి గ్రీజు పూసి, "తడిస్తే తుడుచుకోవచ్చు, విరిగితే అతకలేం," అన్నాడు.

మేస్త్రీ ఉలి అందించాడు. మొదటి ఇటుక బైండింగాయనే తీశాడు. చల్లటి నీళ్ళు బుస్సుమని మోకాళ్ళకి కొట్టాయి. రెండోది, మూడోది, నాలుగోది. తన చేత్తో తన ఇల్లు తనే ముంచుకుంటున్నట్టనిపించింది. ఇది వివేకమా, వెర్రా? అడగడానికి దేవుడు అందుబాటులో ఉన్నా జవాబు వెంటనే రాదు. నీళ్ళు అటు దిగుతూ, ఇటు పెరుగుతూ, తొడల దాకా వచ్చి ఆగాయి. మేస్త్రీ గోడకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"చప్పుడు లేదు. నిలబడింది," అన్నాడు.

ఆ తర్వాతి రోజులు ఆయనకి పరీక్షే. తోడగల మోటారుండి తోడకూడదు. నేల నిండా నీళ్ళుండగా లోపల ఒక్కసారిగా ఖాళీ చేస్తే బయటి గోడలు లోపలికి కూలతాయట. రోజూ తెల్లారి బావుల లెక్క వస్తుంది. మట్టం దిగిన రోజు రెండువైపులా ఒక జానెడు తోడి, గోడ మీద గీత గీసి ఆపేయాలి. మర్నాడు నీళ్ళు గీత కిందే ఉంటే ఇంకో జానెడు. గీత దాటితే ఆ పూట మోటారు ముట్టుకోకూడదు. రెండుసార్లు దాటాయి. రెండుసార్లూ ఆయన పళ్ళు కొరుక్కుంటూ చేతులు కట్టుకు కూర్చున్నాడు. పై వీధిలో చెప్పుల కొట్టాయన ఎవరి మాటా వినకుండా ఒక్కరోజులో సెల్లార్ ఖాళీ చేయించాడు. ఆ సాయంత్రమే గోడ లోపలికి కూలింది. లోపల ఎవరూ లేకపోవడం దేవుడి దయ.

పంతొమ్మిదో రోజుకి గచ్చు తేలింది. మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి చూశాడు. గోడ వేలెడు పక్కకి ఒరిగింది గానీ బలంగానే ఉంది.

"కన్నాలు మూసెయ్యనా?" అన్నాడు.

"వద్దు. చుట్టూ గట్టి చేసి అలాగే ఉంచు. ఈ మూల గచ్చు పగలగొట్టి నీళ్ళు దిగే గుంట కూడా తియ్యి."

మేస్త్రీ కళ్ళెగరేశాడు. "ఈ గచ్చునా? చెప్పులు విప్పితే గానీ ఎవర్నీ తొక్కనివ్వలేదుగా!"

గోడకి అటువైపు వదిన నేల కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అన్ని రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆయన అప్పుడడిగాడు. వంగి, కన్నంలోంచి.

"వదినా, ఒక్క సంగతి. ఆవేళ నీవైపు నుంచే నాలుగు ఇటుకలు కొట్టేస్తే సరిపోయేదిగా. నన్ను ఒప్పించడం ఎందుకు?"

చీపురు చప్పుడు ఆగింది.

"కొడితే నీళ్ళొచ్చేవి నీవైపుకి. నువ్వొచ్చేవాడివి కాదు," అంది వదిన. "తర్వాత పంతొమ్మిది రోజులు ఆ మోటారు జోలికి పోకుండా ఎవరు కూర్చునేవారు, మీ అన్నయ్యా?"

ఆయన లేచి, గుంట కొలతకి మేస్త్రీ చాచిన దారం రెండో కొస పట్టుకున్నాడు.