పెద్ద బాకా, రెండో కుర్చీ

బైండరు నాలుగోసారి ఊది ఆపాడు. పొద్దుటినుంచీ ఒకటే స్వరం. అది పుట్టి నాలుగడుగులు వేసి చతికిలబడుతోంది. పెదవుల పక్కనుంచి గాలి తుస్సుమని జారిపోతోంది. ఒళ్ళో ఉన్న పెద్ద బాకా మాత్రం మునుపటి బరువే ఉంది. ఆ గది మొత్తంలో చిక్కిపోనిది అదొక్కటే.

"ఆ అరిచే దూడ ఎవరిదని పక్కింటావిడ అడుగుతోంది. ఏం చెప్పమంటారు?" అంది భార్య వంటింట్లోంచి.

అతనికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేలోపు ఆమె మంచినీళ్ళ గ్లాసుతో పక్కన నిలబడి ఉంది. అయిదు నెలలుగా ఆమె కాళ్ళకి అలవాటైన దారి అది.

ఊపిరితిత్తుల జబ్బు. ఆరు నెలలు ఆస్పత్రి మంచం, అయిదు నెలలు ఇంటి మంచం. ప్రెస్సువాళ్ళు పని మళ్ళీ ఇచ్చారు. రిజిస్టర్లు కుట్టడానికి సూది, దారం, కళ్ళజోడు ఉంటే చాలు, ఊపిరితో పెద్దగా పనిలేదు. పని ఉన్నది ప్రెస్సు బ్యాండులో. అక్కడ అతనిది పెద్ద బాకా, రెండో కుర్చీ.

పెద్ద బాకా పాట పాడదు, పాటని కిందనుంచి మోస్తుంది. ఇల్లు చూడవచ్చినవాళ్ళు గోడల రంగు మెచ్చుకుంటారు గానీ పునాదిని మెచ్చుకోరు. బైండరుకి అదే సుఖంగా ఉండేది. బళ్ళో ఉన్నప్పుడూ, పనిలోనూ, పెళ్ళి ఫోటోలో కూడా ఎవరూ రెండోసారి చూడని మనిషి. ఆదివారం సాయంత్రాలు మాత్రం తను లేకపోతే పాట కూలిపోతుందని అతనికి తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోనవసరం లేనంత గర్వం అది.

మొదటి కుర్చీ బావది. చెల్లెలి మొగుడు, వయసులో పెద్ద, అదే ప్రెస్సులో కాగితం కోస్తాడు. చివరి పాటలో పదహారు డ్రమ్ము దెబ్బల పొడుగున ఒకే స్వరం నిలబెట్టాలి. అంత ఊపిరి ఏ మనిషికీ ఉండదు. అందుకని నాలుగో దెబ్బకీ, పన్నెండో దెబ్బకీ బైండరు గాలి పీల్చుకునేవాడు. ఎనిమిదో దెబ్బకి బావ. ఒకరు పీల్చుకునేటప్పుడు ఇంకొకరు పట్టుకోవాలి. ఇంట్లో ఉప్పు దగ్గరనుంచి ఓటు దాకా ఏ విషయంలోనూ కుదరని ఆ ఇద్దరికీ ఇరవై రెండేళ్ళు ఇదొక్కటీ కుదిరింది. వినేవాళ్ళకి అతుకే తెలిసేది కాదు.

మధ్యాహ్నం బైండింగు షెడ్డులో సాధన. చివరి పాట వచ్చింది. నాలుగో దెబ్బకి బైండరు పాత అలవాటున గాలి పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కన బావ భుజాలు కూడా లేచాయి. స్వరం మాయమైంది. మిగతా బ్యాండంతా గాల్లో తేలిపోయింది. బ్యాండు మాస్టరు కర్ర ఆగింది.

"తప్పు నాదే బావా" అన్నాడు బావ. "ఇన్నాళ్ళు ఒక్కణ్ణే కదా. నాలుగు దెబ్బలకోసారి గుటకేసినట్టు పీల్చేసి లాగించేవాణ్ణి. అలవాటైపోయింది. పైగా నువ్వున్నావు కదా అని ఇవాళ తీరిగ్గా పీల్చాను."

రెండోసారి బావ గుర్తుంచుకుని నాలుగో దెబ్బకి పట్టుకున్నాడు. ఎనిమిదికి బావ పీల్చుకునేటప్పుడు బైండరు దగ్గర గాలి లేదు. మళ్ళీ ఖాళీ. మూడోసారి బావ అసలు పీల్చుకోకుండానే ఊదాడు. పదకొండో దెబ్బకి స్వరం చిట్లింది. అతని మెడ నరాలు తాళ్ళలా లేచాయి, ఒక చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుని ఉంది.

మాస్టరు చెడ్డవాడు కాదు. బైండరు మొహం చూడకుండా, కర్రని చూస్తూ అన్నాడు: "సాయంత్రం జనం ముందు ఇలా అయితే కష్టం. ఇవాళ చూద్దాం. కుదరకపోతే... ఏమనుకోకు, ఆ కుర్చీ తీయించేస్తాను."

"తీయించడమేంటి మాస్టారూ!" బావ గొంతు లేచింది. "మా బావమరిది తనకి ఎప్పుడు కావాలంటే అప్పుడు పీల్చుకుంటాడు. నేను పట్టుకుంటాను. నా ఊపిరికేమైంది?"

బావ చెయ్యి ఇంకా కుర్చీని వదల్లేదు. బైండరు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం తోటలో మంటపం మీద బ్యాండు వరసగా కూర్చుంది. బెంచీలు నిండిపోయాయి. బైండరు వేసుకున్న బ్యాండు కోటులో ఇంకో బైండరు పట్టేంత చోటుంది. మొదటి పాట మొదలవగానే బాకా పెదవులకి ఆనించాడు. బుగ్గలు పూరించాడు. వేళ్ళు ఏ స్వరం దగ్గర ఏ మీట నొక్కాలో అదే నొక్కాయి. గాలి మాత్రం వదల్లేదు. సిగ్గేసింది, దొంగతనం చేస్తున్నట్టుంది. అయినా వదల్లేదు.

చివరి పాట. నాలుగో దెబ్బకి, ఇచ్చిన మాట మరిచిపోయి, బావ భుజాలు లేచాయి. ఒంటరిగా ఊదిన నెలల్లోలాగే రెప్పపాటులో గుటకంత గాలి. వెంట్రుకవాసి కూడా తెగకుండా స్వరం సాగిపోయింది. ఎనిమిది, పన్నెండు, పదహారు. నిండుగా, ఎక్కడా బెణక్కుండా. బైండరు ఆ స్వరాన్ని ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ వినలేదు. ఊదేవాడికి తన హోరే తప్ప ఏదీ వినపడదు. ఎంత బాగుందో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చప్పట్లు ఆగాక మాస్టరు వచ్చి భుజం తట్టాడు. "కుర్చీ నీదేనయ్యా."

బావ మొహం వెలిగిపోతోంది. "చూశావా బావా! నేను మర్చిపోయి నాలుగు దగ్గరే పీల్చేశాను. నువ్వు పట్టుకున్నావు! ఒట్టు, ఇంతలా ఎప్పుడూ కుదర్లేదు మనకి."

"అవును బావా. బాగా కుదిరింది" అన్నాడు బైండరు. కోటు విప్పి, మడిచి, మాస్టరు చేతిలో పెట్టాడు. బాకాని కుర్చీలో ఆనించాడు. "కాస్త నడుస్తాను. దాన్ని నువ్వు చూసుకో."

మెట్లు దిగి జనంలో కలిశాడు. ఎవరూ రెండోసారి చూడలేదు.

ఊదినవాడి ఊపిరి గొట్టాల్లో చల్లబడి నీరవుతుంది. పాట అయ్యాక ఎవరి బాకా వాళ్ళు వంచి, అడుగునున్న చిన్న మీట నొక్కి ఆ నీళ్ళు వంపేస్తారు. బావ తనది వంపాడు. కాళ్ళ దగ్గర బండ అరచెయ్యంత మేర తడిసింది. తర్వాత బావమరిదిది ఎత్తి, వంచి, మీట నొక్కాడు. ఆగాడు. ఒకసారి విదిలించాడు. రెండో వైపు తిప్పి మళ్ళీ నొక్కాడు. గేటు వైపు చూశాడు. అక్కడ జనం పల్చబడ్డారు, బైండరు లేడు.

బాకాని తీసుకెళ్ళి రెండో కుర్చీలోనే, మునుపటిలాగే ఆనించాడు. దాని కింద బండ పొడిగా ఉంది.